దొర పటం మూసిన దేవయ్య

సిరోంచ సాలెవాడలో దేవయ్య అంటే గిట్టేవాళ్లు ఎవరూ లేరు. ఆ మాట ఆయన మొహం మీదే అనేవారు. ఆయనకూ వాళ్లంటే గిట్టేది కాదు, ఆ సంగతి ఆయనా దాచలేదు. అయినా ఏడాదికోసారి ఆయన పటం పట్టుకుని రాకపోతే వాడకు తోచేది కాదు. ఎందుకంటే ఆయన కూనపులి మనిషి. సాలె కులం ఎలా పుట్టింది, మొదటి నూలు మగ్గం మీదికి ఎక్కడి నుంచి వచ్చింది అనే కథను, బట్ట మీద రాసిన బొమ్మలు చూపిస్తూ చెప్పే హక్కు ఆ చుట్టుపక్కల వాళ్ల ఇంటికే ఉంది.

పటం ముప్పై మూరల పొడవు. దాన్ని వెదురుకు వేలాడదీసి, ఒక్కొక్క బొమ్మా విప్పుకుంటూ, కర్రతో చూపిస్తూ మూడు రోజులు చెప్పాలి. చెప్పడానికి రెండు నోళ్లు కావాలి. దేవయ్య సగం మాట అని ఆగేవాడు. తక్కిన సగం ఆయన భార్య రాజవ్వ తాళాలు కొడుతూ అందుకునేది. వాళ్ల ఇంటి పద్ధతి అదే. మొగవాడి సగం తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, ఆడమనిషి సగం అత్త నుంచి కోడలికి వస్తుంది. ఒకరి సగం ఇంకొకరు నేర్చుకోరు. ఇరవై రెండేళ్లు పక్కన నిలబడి చెప్పినా, రాజవ్వ పాడే సగం దేవయ్యకు నోటికి రాదు. ఎప్పుడూ నేర్చుకోవాలనుకోలేదు. ఆమె ఉంది కదా.

ప్రాణహిత మీద దొరలు పడవల దారి కోసం రాళ్లు పగలగొట్టిస్తున్న రోజులవి. భాద్రపద మాసంలో రేగుంట నుంచి బండి మీద వస్తుండగా రాజవ్వకు చలిజ్వరం వచ్చింది. మూడో రోజు వాగు దాటకముందే పోయింది. వాగు నిండుగా పారుతోంది, బండి దాటదు. దేవయ్య ఆ ఒడ్డునే గొయ్యి తవ్వి మట్టి చేశాడు. తాళాలు ఆమెతోనే పెట్టేశాడు. సిరోంచకు వచ్చి పటం ఉన్న చెక్కపెట్టెను వాడ బయట ఉన్న తన గుడిసె మూలకు నెట్టి, దాని మీద జొన్నల గంప పెట్టాడు. మళ్లీ ఆ మూత తీయలేదు.

వైశాఖం వచ్చింది. సాలెవాడ పెద్ద నర్సన్న ఒక పొద్దున గుడిసె ముందుకు వచ్చి నిలబడ్డాడు. కూర్చోమని దేవయ్య అనలేదు.

"దేవయ్యా, ఎన్మిది నెలలైంది. పటం ఎప్పుడు ఇప్పుతవు?"

"ఇప్పబుద్ధైనప్పుడు."

"నీ బుద్ధితోని మాకేం పని? చావు జరిగిన ఇంట్ల ఏడు తిరగకముందే పటం తెరవాలె. తెరవకపోతే హక్కు పాలోనికి పోతది. గిది నేను చెప్పేది కాదు, మీ తాత మా తాతకు చెప్పింది."

"ఏడు తిరగలేదు గద."

"ఇంకో నెలైతే వానలు. వానల పటం ఇప్పుతవా? నాలుగు దినాలు చూస్త. సోము రేగుంట నుంచి వస్తనంటున్నడు. వానికి పెండ్లామున్నది, తాళాలున్నయ్."

"ఉంటయ్. వానికి అన్నీ ఉంటయ్," అన్నాడు దేవయ్య. "గొంతొక్కటే లేదు. వాడు నోరు తెరిస్తె గాడిద ఓండ్ర పెట్టిందనుకొని మీ ఆడోళ్లు కట్టె పట్టుకొని ఉరుకుతరు."

నర్సన్న మీసం కింద నవ్వు ఆపుకుని వెళ్లిపోయాడు. సోము దేవయ్యకు పినతండ్రి కొడుకు, ఆ పాలోడు వాడే. వాడి దగ్గర పటం లేదు. పటం ఒక్కటే. హక్కు పోతే పెట్టె కూడా పోతుంది. రాజవ్వ ఇరవై రెండేళ్లు కుడి పక్కన నిలబడిన పటం ముందు సోము పెళ్లాం నిలబడుతుంది. దేవయ్యకు అన్నం సయించనిది అందుకే. అట్లా అని పెట్టె తెరిస్తే సగం కథే వస్తుంది. ఇంకెవరినైనా పక్కన నిలబెట్టుకోవాలంటే ఆయనకు ఒళ్లు మండేది. బండి నడిపే గంగయ్య తన చెల్లెలు బాగా పాడుతుందని చెప్పబోతే, ఎద్దులతో సహా వాగులో పడమన్నాడు.

ఆ వారంలోనే నది పనుల దొర పత్తి గోదాంలో వింత చూపిస్తాడని దండోరా వేశారు. పత్తి పడవలెక్కి పోయింది, గోదాం ఖాళీగా ఉంది. పట్టపగలే తలుపులు మూసి, చీలికల్లో దూది కుక్కి లోపల చీకటి చేశారు. దీపం పెట్టెలో నుంచి వెలుగు వచ్చి తెల్లబట్ట మీద బొమ్మలు పడతాయట, అవి కదులుతాయట. బట్ట నర్సన్న మగ్గం మీద నేసిందే, రెండు పన్నాలు కలిపి కుట్టింది. సాలెవాడంతా పేలాలు మూటగట్టుకుని వెళ్లింది.

దేవయ్య కూడా వెళ్లాడు. బొమ్మలు చూపించి కథ చెప్పేవాడు ఇంకొకడు ఊళ్లోకి వచ్చాడంటే, వాడి తప్పులు లెక్కపెట్టకుండా ఇంట్లో కూర్చోవడం ఆయన వల్ల కాలేదు.

మొదట ఓడలు, మేడలు, పులి. పులిని చూసి పిల్లలు అరిచారు. 'పులికి మీసాలు మూడే రాసిండు, దరిద్రుడు' అనుకున్నాడు దేవయ్య. ఆ తర్వాత దొర పక్కకు తప్పుకుని, అంతోని అనే మనిషిని ముందుకు పిలిచాడు. అంతోని ఆవిరిపడవ కొలిమి చూసేవాడు. ఇంగ్లీషువాడు కాదు. స్పెయిన్ అనే ఎండదేశం నుంచి ఓడలు పట్టుకుని ఇక్కడిదాకా వచ్చాడు. మసిబారిన మొహం, వంకర ముక్కు. చేతిలో నడుము సన్నగా ఉన్న తంబూర లాంటి వాద్యం, గిటార్. తన దేశం నుంచి గుడ్డల్లో చుట్టి తెచ్చుకున్న గాజుపలకలను దొరకు ఒక్కొక్కటీ అందించాడు. వాళ్ల దేశంలో ఈ ఆటనూ పాటనూ ఫ్లమెంకో అంటారని దొర గుమాస్తా అందరికీ చెప్పాడు. ఆ పేరు ఎవరి నోరూ తిరగలేదు.

బట్ట మీద ఒక ఆడమనిషి నిలబడింది. ఎర్రటి పావడా, అంచున మడతల మీద మడతలు. చేతులు తల మీదికి ఎత్తి, నడుము వెనక్కి విరిచి, మొహం భుజం మీదుగా పక్కకు తిప్పుకుంది. ఎవరి మీదో కోపమున్న మొహం. ఆమె వెనుక కుర్చీలో గిటార్ పట్టుకుని ఒకడు, చప్పట్లు కొడుతూ ఇద్దరు. దొర ఒక పలక మీద ఇంకో పలకను జరిపాడు. పావడా ఎడమకు తిరిగింది. మళ్లీ జరిపాడు. కుడికి తిరిగింది, ఒక కాలు నేల వదిలింది. జనం "ఓహ్" అన్నారు.

అంతోని బట్ట పక్కన చెక్కపెట్టె మీద కూర్చుని తీగలు మీటాడు. రాతి మీద గింజలు గుమ్మరించినట్టు చప్పుడు వేగంగా వచ్చింది. మడమతో పెట్టెను తన్నడం మొదలుపెట్టాడు. దొర ఆ తన్నుడుకు సరిగ్గా పలక జరిపితే, ఆ ఆడమనిషి నేలను తన్నినట్టే ఉంది. ఆ తర్వాత అంతోని నోరు తెరిచాడు. మాట లేదు. ఉత్త గొంతు. కాలినవాడు అరిచినట్టు, అరుస్తూనే ఆ అరుపును వంచి ముడి వేసినట్టు.

"వీనికెవలు సచ్చిండ్రే?" అని వెనుక నుంచి ఎవరో అన్నారు. గోదాంలో నవ్వులు లేచాయి.

దేవయ్య నవ్వలేదు. అది చావు పాట అని ఆయనకు తెలిసింది. భాష తెలియనక్కరలేదు. వాగు ఒడ్డున ఆయన నోట్లోంచి రావలసి ఉండి రానిది, ఆ మసిమొహంవాడి నోట్లోంచి వస్తోంది. ఆయనకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. చచ్చినవాళ్ల కోసం ఏడవాలంటే గుమ్మం ముందు ఏడవాలి. పేలాలు నమిలేవాళ్ల ముందు, పావడా తిప్పే బొమ్మకు తాళం వేస్తూ ఏడుస్తారా? వీడికి సిగ్గు లేదా?

అంతోని ఒక మాట పాడి ఆగేవాడు. అందుకునేవాళ్లు ఎవరూ లేరు. మడమ మాత్రం కొట్టుకుంటూనే ఉండేది. ఆ ఖాళీలో వాడు తల వంచుకుని, ఎవరో జవాబు చెబుతున్నట్టు వినేవాడు. ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టేవాడు. 'సగం పాట,' అనుకున్నాడు దేవయ్య. 'అందుకునేటిది పోయినంక సగం పాట పట్టుకొని ఊరూరు తిరుగుతున్నడు, ముష్టోడు.'

అప్పుడే వత్తి చిటపటలాడింది. దొర "బస్" అన్నాడు. అంతోని మాట మధ్యలో ఆపేసి లేచాడు. దీపం ఆరింది. తలుపులు తెరిచారు, ఎండ లోపల పడింది. బట్ట తెల్లగా ఉంది.

మిగతావాళ్లకు వింత అయిపోయింది. దేవయ్యకు అవలేదు. పటానికి చివరగా కళ్లు రాస్తారు. కోడిని కోసిన తర్వాతే రాస్తారు. కళ్లు పడ్డాక అది ఉత్త బట్ట కాదు, ప్రాణమున్నది. దాన్ని తెరవాలన్నా మూయాలన్నా పద్ధతి ఉంది. బొమ్మలను లోపలివైపుకు తిప్పి, కింద నుంచి పైకి చుట్టి, హారతి చూపి, ఇక పడుకోండి తల్లీ అని చెప్పాలి. చెప్పకుండా వదిలేస్తే ఆ బొమ్మలు నిలబడే ఉంటాయి, ఇళ్ల మీద పడతాయి. వెలుగు పెట్టెలో నుంచి వచ్చిందని దేవయ్యకూ తెలుసు. మరి తమ పటంలోనూ రంగు పటం రాసే నకాషీవాడి కుంచెలో నుంచే వస్తుంది కదా. ఎక్కడి నుంచి వచ్చిందని కాదు, కళ్లు ఎక్కడ పడ్డాయని చూడాలి. ఆ ఆడమనిషి కళ్లు ఆ బట్ట మీద పడ్డాయి. ఒక కాలు ఎత్తి ఉండగా వదిలేశారు.

ఆయన లేచి వెళ్లి బట్ట కింది ముడులు విప్పాడు. అంచు మడిచి పైకి చుట్టడం మొదలుపెట్టాడు.

"ఓయ్!" అంటూ గోదాం జవాను భీము పరిగెత్తుకొచ్చాడు. "దొర బట్టకు చెయ్యి పెడ్తవా? దొంగలెక్క చుట్టి సంకల పెట్టుకపోతవా?"

"ఎవనికి కావాలె మీ బట్ట? జర కర్పూరం తే. ముయ్యకుండ పోతున్నరు, ఊరంత పరేషానైతది."

"నీ తలకాయకు పెడ్త కర్పూరం!" భీము రెండో అంచు పట్టి లాగాడు. దేవయ్య వదల్లేదు. కలిపి కుట్టిన చోట బట్ట పర్రున చినిగింది.

గోదాం గొల్లుమంది. దొర ఏదో అరిచాడు. అంతోని గిటార్ చంకలో పెట్టుకుని వచ్చి, దేవయ్య చేతిలో ఉన్న చుట్టిన బట్టను చూపిస్తూ తన భాషలో ఏదో అడిగాడు. దేవయ్య వాడి మొహంలోకి చూసి తిట్టాడు.

"నీ ఆడిదాన్ని ఒంటికాలు మీద నిలవెట్టి పోతవారా? పాడుడొచ్చుగని పండవెట్టుడు రాదా నీకు? థూ!"

అంతోనికి థూ ఒక్కటే అర్థమైంది. వాడు కూడా కింద ఉమ్మాడు. భీము దేవయ్య మెడ పట్టుకుని గడప దాటించాడు.

బయట ఎండలో సాలెవాడంతా నిలబడి ఉంది. చిరిగింది నర్సన్న మగ్గం మీది బట్ట. ఆయన మొహం కందగడ్డలా ఎర్రబడింది.

"ఏందిరా దేవయ్యా, నీ పటం ఇప్పవు, దొర పటం మూస్తవా!"

ఆ మాటకు ఆడవాళ్లు కూడా పగలబడి నవ్వారు. అప్పటి నుంచి ఆయనకు ఆ పేరే నిలిచిపోయింది. పిల్లలు ఆయన కనబడితే "దొర పటం మూసినోడా!" అని అరిచి పారిపోయేవారు.

"మూసుడు తెల్వనోడు తెరువద్దు," అన్నాడు దేవయ్య మెడ రుద్దుకుంటూ.

"నీకు రెండూ తెలుసుగద. ఎన్మిది నెలల సంది మా అవ్వలను, మా తాతలను పెట్టెల పెట్టి జొన్నల గంప కింద నూకినవ్. వాళ్లను పండవెట్టినవా, పాతిపెట్టినవా?"

దేవయ్య మెడ రుద్దుకోవడం ఆపి గుడిసె దారి పట్టాడు.

మర్నాడు పొద్దున్నే గంప దించాడు. పెట్టె భుజాన వేసుకుని వాడ మధ్యకు వచ్చి, ఎవరినీ సాయం పిలవకుండా గుంజలు పాతాడు. సోము అప్పటికే రేగుంట నుంచి దిగి, నర్సన్న అరుగు మీద కాళ్లు కడుక్కుంటున్నాడు. పక్కనే వాడి భార్య లింగక్క ఒళ్లో కొత్త తాళాలు.

సోము మెల్లగా వచ్చాడు. "అన్నా, పటం నువ్వే చెప్పు. వంతకు మా లింగక్క నిలవడ్తది. వదిన సగం మా అవ్వ నేర్పింది దానికి. ఒక్క మాట పోదు."

"నీ పెండ్లాం నోరు నా పెండ్లాం నోరైతదారా? పో, కాళ్లు కడుక్కో. ఇంకా బురదున్నది."

"మరి వంత ఎవలు పాడ్తరు?"

"ఎవలు పాడరు."

పటం విప్పాడు. తామరకొలను బొమ్మ వచ్చింది. ఎనిమిది నెలలుగా వాడని గొంతు, తుప్పు పట్టిన మగ్గంలా కిర్రుమంది. "తామర తూడు విరిచిండు, తెల్లని దారం సాగింది, ఆ దారం ఎంత పొడుగని అడిగితే..." అని ఆగాడు.

ఆ తర్వాతిది రాజవ్వది. ఆయనకు రాదు. కర్రతో నేల మీద కొట్టాడు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. మాట లేదు. వాడ చివర ఎవరో నేస్తూనే ఉన్నారు. ఆ గుంటమగ్గం చప్పుడు వినబడింది. రాజవ్వ అంత సేపే పాడేది. కొట్టడం ఆపి రెండో మాట ఎత్తుకున్నాడు.

"ఇదేం కథ?" అన్నాడు ఒకడు. "మాట మాటకు నోట్లె మట్టి పడ్డట్టు ఆగుతున్నడు."

"గోదాంల పాడిన ఇస్పానియోని తీరు కొడ్తున్నడే!" అన్నాడు ఇంకొకడు.

"వాని పేరెత్తితే నీ పండ్లు రాలగొడ్త," అని కథ మధ్యలోనే అన్నాడు దేవయ్య. కానీ చెవులు ఎర్రబడ్డాయి.

అందరికంటే పెద్దది బీరమ్మ. కళ్లు కనబడవు, చెవులు మాత్రం గట్టివి. అరవై ఏళ్లుగా ఆ కథ వింటోంది. నాలుగో ఖాళీలో ఉండబట్టలేక, పళ్లు లేని నోటితో అందుకుంది. "భూమి సుట్టొచ్చి ముడి వడ్డంత..."

"అవ్వా, నోర్ముయ్!" దేవయ్య కర్ర పటం మీద నుంచి ఆమె మీదికి తిరిగింది. "అది నీది కాదు."

"నీ పెండ్లాం పుట్టకముందు నుంచి ఇన్న కొడకా. మీ అవ్వ నోట్ల ఇన్న."

"ఇన్నవుగని అన్లేవు. ఇన్కుంట కూసో. అనుడు నీ పని కాదు."

"ముసలిదాన్ని పట్టుకొని గట్లంటవా, పాడెగట్ట!" అని ఆమె కోడళ్లు లేచారు. సగం మంది వెళ్లిపోయారు. ఎండ ఎక్కింది. దేవయ్య ఉన్నవాళ్లకే చెప్పాడు. మధ్యాహ్నానికి పది మంది, సాయంత్రానికి బీరమ్మ, ఇద్దరు పిల్లల తల్లులు. ఆగిన ప్రతిచోటా బీరమ్మ పెదవులు కదిలేవి. చప్పుడు మాత్రం రానివ్వలేదు. మూతి బిగించుకుని ఆయన వైపు కోపంగా తిరిగి కూర్చునేది.

రెండో రోజు తిట్టడానికని జనం వచ్చారు. తిట్టారు కూడా. ఆయన ఖాళీలను తగ్గించలేదు. మూడో రోజు మాత్రం ఆయన ఆగినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. అలిసిపోయారో మరేమో. కర్ర నేల మీద కొట్టుకుంటూ ఉంటే, పిల్లలకు పాలిచ్చే తల్లుల నుంచి నర్సన్న దాకా అందరి పెదవులూ బీరమ్మ పెదవుల్లాగే కదలడం సోము చూశాడు. హక్కు చెయ్యి జారుతుందని వాడికి భయం పుట్టింది.

ఆఖరి బొమ్మ అయ్యాక దేవయ్య పటాన్ని కింద నుంచి చుట్టి, హారతి ఇచ్చి, చెప్పవలసిన మాట చెప్పి, పెట్టెలో పెట్టాడు. మూత మీద చెయ్యి తీయకుండా నిలబడ్డాడు.

సోము ముందుకొచ్చాడు. "పెద్దయ్యా, నాయం చెప్పు. సగమే చెప్పిండు. సగం కథకు హక్కు నిలుస్తదా? తాళాలు లేవు, వంత లేదు. గిట్ల కథ ఎక్కడన్న ఇన్నవా?"

"ఇన్లే," అన్నాడు నర్సన్న. "ఇంత చెడ్డగ చెప్పంగ నేను పుట్టినప్పటి సంది ఇన్లే." జనం అవునన్నారు. ఆయన వాళ్ల వైపు తిరిగాడు. "ఇగ మీరు చెప్పుండ్రి. ఆ చెప్పని సగం ఎవలికన్న తెలువకుండ పోయిందా? ఒక్కలున్నా చెయ్యెత్తుండ్రి."

ఎవరూ ఎత్తలేదు. బీరమ్మ రెండు చేతులూ చీర కింద దాచుకుంది.

"మరింకేంది? కథ అంత అయినట్టే. పెట్టె వీనిదే." నర్సన్న దేవయ్యను ఎగాదిగా చూశాడు. "దొర బట్ట చింపినందుకు నాకు మాత్రం ఒళ్లు మండుతనే ఉన్నది."

"మండని. నీ కుట్టే చెడ్డగున్నది. మంచి కుట్టైతే చినుగుతదా?"

"వచ్చే ఏడు కూడ మమ్ముల గిట్లనే సతాయిస్తవా? ఎవలనన్న పక్కకు తెచ్చుకోరాదా?"

"తెచ్చుకోను. బతికుంటే గిట్లనే సతాయిస్త."

లింగక్క తాళాలను కొంగులో మూటగట్టుకుంది. దేవయ్య పెట్టె భుజానికెత్తుకుని, ఎవరితోనూ చెప్పకుండా వాడ దాటాడు.

మూడేళ్లకు నది పనులు ఆగిపోయాయి. దొరలు వెళ్లిపోయారు, అంతోని ఏ ఓడ ఎక్కాడో ఎవరికీ తెలియదు. ధాత కరువు వచ్చి సగం మగ్గాలు మూతబడే దాకా, ప్రతి వైశాఖంలోనూ దేవయ్య వచ్చి, అంతే చెడ్డగా, ఒక్క ఖాళీ కూడా పూడ్చకుండా కథ చెప్పాడు. సాలెవాడ ప్రతిసారీ తిట్టింది, మూడు రోజులూ కూర్చుని వింది.